ఇంగ్లండ్‌లో అద్దె ఇంటి డిపాజిట్: కట్టే ముందు నుంచి తిరిగి చేతికొచ్చే దాకా ఏం చేయాలి

హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు తీసుకుంటే రెండు నెలల అడ్వాన్సు ఓనరు చేతిలో పెడతాం. ఖాళీ చేసే రోజు పెయింటింగుకని ఒక నెల పట్టుకుని మిగతాది ఇస్తే, ఇచ్చాడు కదా అని సంతోషిస్తాం. ఈ అలవాటుతోనే మనవాళ్లు ఇంగ్లండ్‌లో దిగుతారు. ఖాళీ చేశాక ఏజెంటు నుంచి "క్లీనింగుకు 180, కార్పెట్‌కు 250 కోస్తున్నాం" అని మెయిల్ రాగానే పోనీలే అని ఊరుకుంటారు. ఊరుకోనక్కర్లేదు. ఇక్కడ డిపాజిట్ చివరి దాకా అద్దెకున్నవాళ్ల సొమ్మే. అందులోంచి ఒక్క పౌండు తీసుకోవాలన్నా, ఎందుకు తీసుకుంటున్నాడో రుజువు చూపాల్సింది ల్యాండ్‌లార్డే. 2004 హౌసింగ్ యాక్ట్ కింద, 2007 ఏప్రిల్ 6 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది.

ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్ సంగతి. డిపాజిట్‌ను కాపాడడానికి ప్రభుత్వం ఆమోదించిన స్కీములు వేల్స్‌లో కూడా ఇవే గానీ అద్దె చట్టం వేరు. గ్లాస్గో, ఎడిన్‌బరో వైపు ఉండేవాళ్లకు స్కీములే వేరు: ల్యాండ్‌లార్డ్ 30 పనిదినాల్లో డిపాజిట్‌ను స్కీములో వేయాలి, రెండు నెలల అద్దెకు మించి తీసుకోకూడదు.

మొదటి పని: మీ డిపాజిట్‌కు ఈ రక్షణ ఉందో లేదో చూసుకోండి

ల్యాండ్‌లార్డ్ వేరే చోట ఉండి, ఇల్లో గదో మీకు టెనెన్సీ అగ్రిమెంట్ మీద ఇస్తే, సాధారణంగా రక్షణ ఉంటుంది. ఓనరు ఉంటున్న ఇంట్లోనే ఒక గదిలో మీరుంటే మీరు లాడ్జర్. మీ డిపాజిట్‌ను స్కీములో వేయాలన్న నిబంధన ఆయనకు లేదు. యూనివర్సిటీ సొంత హాస్టళ్లు కూడా దీని కిందికి రావు.

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఈ రెండింటి మధ్యలో. నాలుగు బెడ్‌రూముల ఇల్లు, అగ్రిమెంట్ మీద ఒక్కడి పేరు, ఉండేది ఏడుగురు. వాట్సాప్ గ్రూపులో "రూమ్ అవైలబుల్, ఓన్లీ తెలుగు బాయ్స్" అని చూసి, హీత్రోలో దిగకముందే 400 పౌండ్లు పంపించేస్తారు. అగ్రిమెంట్ ఉన్నతను అదే ఇంట్లో మీతో ఉంటే మీ 400 పౌండ్లకు చట్టం కాపలా లేదు, అతని మంచితనమే గతి. అతను అక్కడ ఉండకుండా గదులు మాత్రం పంచిపెడుతుంటే, చట్టం దృష్టిలో మీ ల్యాండ్‌లార్డ్ అతనే కావచ్చు. అప్పుడు డిపాజిట్ బాధ్యత కూడా అతని మీదే పడుతుంది. ఏదైనా సరే, డబ్బు పంపేముందు ఒక్క ప్రశ్న అడగండి: "అగ్రిమెంట్‌లో నా పేరు ఉంటుందా?" ఉండదంటే నగదు ఇవ్వకండి. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసి, రిఫరెన్స్‌లో "డిపాజిట్" అని రాసి, అది దేనికో అతనితో మెసేజ్‌లో ఒప్పించుకోండి. తర్వాత మాట మారితే మీ చేతిలో ఉండే కాగితం అదొక్కటే.

రెండో పని: ఎంత కట్టాలో మీరే లెక్క వేయండి

2019 జూన్‌లో టెనెంట్ ఫీజ్ యాక్ట్ వచ్చాక డిపాజిట్‌కు పరిమితి పెట్టారు. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉంటే ఐదు వారాల అద్దె, ఆ పైన ఉంటే ఆరు వారాలు. నెల అద్దెను 12తో గుణించి, 52తో భాగించి, 5తో గుణించండి. నెలకు 1,000 పౌండ్ల ఇల్లయితే 1,153 పౌండ్ల చిల్లర వస్తుంది. "మీకు యూకే గ్యారంటర్ లేడు కాబట్టి డిపాజిట్ 2,000" అనడం కుదరదు. ఆ ఎక్కువ కట్టిన భాగాన్ని ట్రిబ్యునల్‌కు వెళ్లి వెనక్కి రాబట్టుకోవచ్చు.

ఇల్లు మాకే ఉంచండి అని ముందుగా కట్టేది హోల్డింగ్ డిపాజిట్. అది ఒక వారం అద్దెకు మించకూడదు. మామూలుగా 15 రోజుల్లో అగ్రిమెంట్ తేల్చాలి. ల్యాండ్‌లార్డే వెనక్కి తగ్గితే ఏడు రోజుల్లో తిరిగి ఇవ్వాలి. మీరు తప్పుడు వివరాలు ఇచ్చినా, మీరే మనసు మార్చుకున్నా అది పోతుంది. అందుకని నాలుగు ఇళ్లకు నాలుగు హోల్డింగ్ డిపాజిట్లు కట్టి తర్వాత చూద్దాం అనుకోవద్దు.

"జీరో డిపాజిట్" అని ఒకటి చూపిస్తారు. ఐదు వారాలు కట్టే బదులు ఒక వారం అద్దె ఫీజుగా కడితే చాలంటారు. ఆ ఫీజు తిరిగి రాదు, పైగా ఇంట్లో ఏదైనా పాడైతే ఆ ఖర్చూ మీదే. చేతిలో డబ్బు ఉంటే దీని జోలికి వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం.

మూడో పని: 30 రోజులు లెక్కపెట్టండి

డబ్బు అందిన రోజు నుంచి 30 రోజుల్లో ల్యాండ్‌లార్డ్ దాన్ని ప్రభుత్వం ఆమోదించిన మూడు స్కీముల్లో ఒకదానిలో రిజిస్టర్ చేయాలి: డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్. ఇవి రెండు రకాలుగా నడుస్తాయి. కస్టోడియల్‌లో మీ డబ్బు స్కీము దగ్గరే ఉంటుంది, ల్యాండ్‌లార్డ్‌కు ఖర్చు లేదు. ఇన్స్యూర్డ్‌లో డబ్బు ల్యాండ్‌లార్డో ఏజెంటో తన దగ్గరే ఉంచుకుని, స్కీముకు ఫీజు కడతాడు. అద్దెకుండేవాళ్లకు రెండూ సురక్షితమే, తిరిగి తీసుకునే దారి మాత్రం కొంచెం వేరు.

అదే 30 రోజుల్లో మీకు ఒక కాగితాల కట్ట కూడా రావాలి. దాన్ని ప్రిస్క్రైబ్డ్ ఇన్ఫర్మేషన్ అంటారు. ఎంత కట్టారు, ఏ స్కీము, ఏ కారణాలకు కోయవచ్చు, గొడవొస్తే ఏం చేయాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. మీ నాన్నగారు గుంటూరు నుంచి నేరుగా డిపాజిట్ పంపి ఉంటే ఈ సమాచారం ఆయనకూ అందాలి. కట్టినవాళ్లకు కూడా ఇవ్వాలన్నది నియమం.

ముప్ఫై ఒకటో రోజున మూడు స్కీముల వెబ్‌సైట్లలోనూ వెతకండి. ఇంటిపేరు, పోస్ట్‌కోడ్, టెనెన్సీ మొదలైన తేదీ, ఎంత డిపాజిట్ కట్టారో ఇస్తే ఉందో లేదో చెబుతాయి. దొరకలేదని వెంటనే కంగారుపడకండి. పాస్‌పోర్టులో మన ఇంటిపేరు ఒక పెట్టెలో, పేరు ఇంకో పెట్టెలో ఉండి, ఏజెంటు రెండూ తారుమారు చేసి ఎక్కించడం మామూలే. రెండు రకాలుగానూ వెతికి, అప్పటికీ లేకపోతే మెయిల్ రాసి సర్టిఫికెట్ అడగండి.

ల్యాండ్‌లార్డ్ రిజిస్టర్ చేసేటప్పుడు మీ సొంత మెయిల్ ఇవ్వండి, యూనివర్సిటీ మెయిల్ వద్దు. కోర్సు అయిపోయాక ఆ మెయిల్ మూతపడితే, డిపాజిట్ తాళంచెవి అందులోనే ఉండిపోతుంది.

నాలుగో పని: తాళాలు చేతికొచ్చిన మొదటి వారం

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఖాళీ చేసేటప్పుడు గొడవలో గెలుపోటములు తేలేది ఈ వారంలో చేసిన పని మీదే.

ఏజెంటు ఇన్వెంటరీ అని ఒక పీడీఎఫ్ పంపిస్తాడు. ప్రతి గదిలో ప్రతి వస్తువు పక్కన "గుడ్ కండిషన్" అని ఉంటుంది. అభ్యంతరాలుంటే చెప్పమని సాధారణంగా ఏడు రోజులు గడువిస్తారు. మనవాళ్లు డిజిటల్ సంతకం పెట్టేసి, సామాన్లు కొనుక్కోవడానికి ఐకియాకు వెళ్లిపోతారు. అలా చేయకండి. సామాన్లు సర్దకముందే, గదులు ఖాళీగా ఉండగానే, ఫోన్ తీసుకుని తిరగండి. మామూలుగా అందరూ గోడల ఫొటోలు తీస్తారు. మీరు ఇవి తీయండి: ఓవెన్ లోపలి అడుగు, ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతలు, సింకు కింద అర, పరుపు రెండు వైపులా, కిటికీ చట్రం మూలల్లో నల్లటి బూజు, బాత్‌రూములో టైల్స్ మధ్య గీతలు, స్టవ్ మీది ఎక్స్‌ట్రాక్టర్ జాలీ, మంచం జరిపితే కనపడే కార్పెట్. గ్యాసు, కరెంటు మీటర్ రీడింగులు కూడా.

ఇన్వెంటరీలో రాసేటప్పుడు "కార్పెట్ బాగోలేదు" అని రాస్తే లాభం లేదు. "రెండో బెడ్‌రూము, కిటికీ కింద, అరచేతంత గోధుమరంగు మరక, ఫొటో 14" అని రాయండి. ఫొటోలన్నీ ఏజెంటుకు మెయిల్ చేయండి. ఫోన్‌లో ఉన్న ఫొటో ఎప్పటిదో అని ఎవరైనా అడగవచ్చు. మెయిల్ వెళ్లిన తేదీని ఎవరూ కాదనలేరు. ఏజెంటు ఇన్వెంటరీ ఇవ్వనే లేదనుకోండి, అది మీకే అనుకూలం. చేరినప్పుడు ఇల్లెలా ఉందో చూపే కాగితం లేకుండా, మీరే పాడుచేశారని రుజువు చేయడం ల్యాండ్‌లార్డ్‌కు చాలా కష్టం. అయినా మీ ఫొటోలు మీరు తీసి పంపండి.

ఐదో పని: ఉన్నన్నాళ్లూ

కొన్ని మరకలు ప్రత్యేకించి మన ఇళ్లలోనే పడతాయి. తెల్లటి కిచెన్ గట్టు మీద పసుపు డబ్బా ఒలికితే గంటలోపే తుడవండి. పట్టేసిందా, తినే సోడా ముద్ద రాసి చూడండి. ఎండ తగిలే చోటయితే రెండు మూడు రోజుల్లో వెలిసిపోతుంది. రోజూ పోపు పెడితే ఎక్స్‌ట్రాక్టర్ జాలీకి జిడ్డు పేరుకుంటుంది, నెలకోసారి వేడినీళ్లలో కడగండి. కుక్కర్ కూత సీలింగు మీద గుండ్రటి పసుపు మచ్చగా మిగులుతుంది. కిటికీ గట్టు మీద హారతి కర్పూరం వెలిగిస్తే కింద ఇత్తడి పళ్లెం పెట్టండి, కాలిన ఉంగరపు గుర్తు పెయింటుతో పోదు. కార్పెట్ మీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేయడం మాత్రం మానేయండి, త్రికోణం అచ్చు పడిందంటే అది నేరుగా డిపాజిట్‌లోంచే.

బూజు విషయం వేరు. కిటికీలు మూసి రేడియేటర్ల మీద బట్టలారేస్తే వచ్చే చెమ్మ ఉంది, గోడలోంచి కారే చెమ్మా ఉంది. ఏదైనా మొదటి మచ్చ కనపడిన రోజే మెయిల్ చేయండి. ఏడాది తర్వాత "వాళ్లు చెప్పనే లేదు" అనే అవకాశం ఇవ్వకండి.

ఇల్లు పంచుకున్నవాళ్లలో ఒకరు వెళ్లిపోయి కొత్తవాళ్లు వస్తే, కొత్తవాడు పాతవాడి చేతిలో డిపాజిట్ పెట్టి ఆ గదిలో దిగడం మనలో ఆనవాయితీ. స్కీములో మాత్రం పాతవాడి పేరే ఉంటుంది. ఏజెంటుతో చెప్పి అగ్రిమెంటూ, స్కీమూ రెండింట్లో పేరు మార్పించండి. దానికి ఏజెంటు సాధారణంగా 50 పౌండ్ల దాకా తీసుకోవచ్చు, అది ఇచ్చేయడమే నయం.

ఆరో పని: ఖాళీ చేసేటప్పుడు

"చివరి నెల అద్దె అడ్వాన్సులో అడ్జస్ట్ చేసుకోండి" అనే మాట ఇక్కడ పనికిరాదు. అద్దె బాకీ అని రికార్డవుతుంది, డిపాజిట్‌లోంచి కోతకు మొదటి కారణం మీరే ఇచ్చినట్టవుతుంది, తర్వాతి ఇంటికి రిఫరెన్సూ చెడుతుంది.

స్కీముల దాకా వచ్చే గొడవల్లో ఎక్కువగా ఉండేది క్లీనింగే. చేరినప్పుడు ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రంగా అప్పగిస్తే చాలు. ప్రొఫెషనల్ క్లీనర్‌ని పెట్టి తీరాలని అగ్రిమెంట్‌లో రాసినా, ఆ ఖర్చు మీ మీద రుద్దే హక్కు వాళ్లకు లేదు. మీకు మీరే పెట్టుకుంటే రసీదు దాచుకోండి. చెక్-అవుట్‌కు మనిషి వచ్చినప్పుడు అక్కడే ఉండండి. మొదటి వారం తీసిన ఫొటోలు తెరిచి, అవే కోణాల్లో మళ్లీ తీయండి. తాళాలు ఇచ్చినట్టు మెయిల్‌లో రాయించుకోండి.

ఇండియా వెళ్లిపోతున్నవాళ్లు డిపాజిట్ వచ్చేదాకా యూకే బ్యాంకు ఖాతా మూసేయకండి, సిమ్ము కూడా బతికించి ఉంచండి.

తర్వాత మీరే డబ్బు తిరిగి అడగాలి: కస్టోడియల్ అయితే స్కీము వెబ్‌సైట్లో, ఇన్స్యూర్డ్ అయితే ల్యాండ్‌లార్డ్‌కో ఏజెంటుకో మెయిల్ చేసి. ఎంత ఇవ్వాలో ఇద్దరూ ఒప్పుకున్నాక 10 రోజుల్లో డబ్బు రావాలి.

ఏడో పని: కోత మీద ఒప్పుకోకపోతే

మొత్తం 1,153లో ల్యాండ్‌లార్డ్ 250 కోస్తానంటే, గొడవ ఆ 250 మీదే. మిగతా 903 ముందే విడుదల చేయమని అడగండి. గొడవ ఉన్న మొత్తానికి స్కీముల్లో ఉచిత తగవు విభాగం ఉంది. కోర్టుకు వెళ్లక్కర్లేదు, ఎదురెదురుగా కూర్చోనక్కర్లేదు. రెండు పక్షాలూ ఒప్పుకుంటే అడ్జుడికేటర్ అనే ఆయన కాగితాలు, ఫొటోలు చూసి తీర్పిస్తాడు. ఆధారాలన్నీ అందాక సాధారణంగా 28 రోజుల్లో తేలుతుంది. ఆ తీర్పు ఆఖరిది కాబట్టి, ఆధారాలన్నీ ఒకేసారి, వరసగా పంపాలి. ఇన్స్యూర్డ్ స్కీము అయితే ఇల్లు ఖాళీ చేసిన మూడు నెలల లోపే ఫిర్యాదు ఎక్కించండి.

అడ్జుడికేటర్లు చూసే లెక్క తెలిస్తే మీ వాదన సులువవుతుంది. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు కోత లేదు: నడకదారిలో నలిగిన కార్పెట్, ఎండకు వెలిసిన కర్టెన్, సోఫా వెనక గోడ మీద గీత. పాతదాని బదులు కొత్తది మీ డబ్బుతో కొనిపించుకోవడమూ కుదరదు. ఇస్త్రీపెట్టె అచ్చు పడిన కార్పెట్ కొన్నప్పుడు 400 పౌండ్లు, పదేళ్లు వస్తుందనుకుందాం. అప్పటికే ఆరేళ్లయింది. మిగిలింది నాలుగేళ్ల విలువ, అంటే 160 పౌండ్లు. తప్పు పూర్తిగా మీదే అయినా 400 అడగడం చెల్లదు. ల్యాండ్‌లార్డ్ మెయిల్‌కు జవాబు రాసేటప్పుడు ఇదే లెక్క రాసి, "కొన్న రసీదు చూపండి" అని ఒక్క వాక్యం చేర్చండి. చాలాసార్లు గొడవ అక్కడే ఆగుతుంది.

ల్యాండ్‌లార్డ్ అసలు జవాబే ఇవ్వకపోతే, కస్టోడియల్ స్కీముల్లో ప్రమాణపత్రం లాంటి స్టాట్యూటరీ డిక్లరేషన్ ఇచ్చి డబ్బు అడిగే దారి ఉంది. సొలిసిటర్ ముందు సంతకం పెట్టాలి. స్కీము ల్యాండ్‌లార్డ్‌కు నోటీసిస్తుంది, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే డబ్బు మీకొస్తుంది.

ఎనిమిదో పని: స్కీములో వేయనే లేదని తేలితే

30 రోజుల్లో రిజిస్టర్ చేయకపోయినా, ప్రిస్క్రైబ్డ్ ఇన్ఫర్మేషన్ మీకివ్వకపోయినా, కౌంటీ కోర్టు డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్లు పరిహారంగా కట్టించగలదు. ఆలస్యంగా వేసినా తప్పు తప్పే. తప్పు జరిగిన నాటి నుంచి ఆరేళ్ల లోపు, ఇల్లు ఖాళీ చేశాక కూడా దావా వేయవచ్చు. ముందు మర్యాదగా ఒక ఉత్తరం రాయండి: ఎంత కట్టారో, ఎప్పుడు కట్టారో, ఏ నిబంధన తప్పారో చెప్పి, 14 రోజులు గడువివ్వండి. ఎక్కువమంది అక్కడే రాజీకి వస్తారు. కోర్టుకు వెళ్లాల్సి వస్తే ఎన్ 208 ఫారం వాడతారు. ఫీజుంటుంది, ఓడితే ఖర్చుల భయమూ ఉంటుంది. అందుకే ముందు ఇళ్ల సమస్యల్లో సాయం చేసే షెల్టర్ అనే సంస్థతోనో, సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థతోనో, విద్యార్థులైతే స్టూడెంట్స్ యూనియన్ సలహా కేంద్రంతోనో మాట్లాడండి. ఇవన్నీ ఉచితం. నలుగురూ కలిసి అగ్రిమెంట్ చేసుంటే దావా కూడా నలుగురూ కలిసే వేయాలి.

మీరే ల్యాండ్‌లార్డ్ అయితే

ఇప్పుడు మనవాళ్లలో అద్దెకుండేవాళ్లే కాదు, ఇచ్చేవాళ్లూ చాలామంది ఉన్నారు. రెడింగ్‌లో ముందు కొన్న ఫ్లాట్ అద్దెకిచ్చి, పిల్లల స్కూలు కోసం పెద్ద ఇంటికి మారినవాళ్లు. తెలిసినవాళ్లబ్బాయే కదా అని డిపాజిట్ సొంత ఖాతాలో వేసుకుని మరిచిపోతారు. అబ్బాయి తెలిసినవాడే గానీ చట్టానికి ఆ సంగతి పట్టదు.

ఒకటో రెండో ఇళ్లుంటే కస్టోడియల్ ఎంచుకోండి. డబ్బు కట్టనక్కర్లేదు, గొడవొచ్చినా మీ జేబులోంచి తీసి ఇవ్వాల్సిన బాధ ఉండదు. 30 రోజులు లెక్కపెట్టేది డబ్బు మీకు లేదా మీ ఏజెంటుకు అందిన రోజు నుంచి, తాళాలిచ్చిన రోజు నుంచి కాదు. ప్రిస్క్రైబ్డ్ ఇన్ఫర్మేషన్ అగ్రిమెంట్‌లో పేరున్న ప్రతి ఒక్కరికీ, వాళ్ల తరఫున డబ్బు కట్టినవాళ్లకూ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇన్వెంటరీకి ఖర్చు చేయడానికి వెనకాడకండి. అడ్జుడికేటర్ ముందు ఆధారం చూపాల్సింది మీరే. చేరినప్పటి ఇన్వెంటరీ, అంటే చెక్-ఇన్ రిపోర్టు, లేకపోతే మీ మాట నిజమైనా నిలవదు.

2025లో వచ్చిన రెంటర్స్ రైట్స్ యాక్ట్‌తో కారణం చెప్పకుండా ఖాళీ చేయమనే సెక్షన్ 21 నోటీసు 2026 మే 1 నుంచి రద్దయింది. ఇల్లు ఖాళీ చేయించాలంటే చట్టంలో ఉన్న కారణాల్లో ఒకటి చూపించి కోర్టుకు వెళ్లాలి. డిపాజిట్ సరిగ్గా రక్షణలో లేకపోతే, తీవ్రమైన దుష్ప్రవర్తన వంటి కొన్ని కారణాలకు తప్ప, కోర్టు ఇల్లు మీకు అప్పగించమని ఉత్తర్వివ్వదు. గడువు దాటిపోయిందని ఇప్పుడు తెలిసిందా? ఈరోజే రిజిస్టర్ చేసి, కాగితాలు టెనెంట్‌కు పంపండి. జరిమానా ముప్పు పూర్తిగా పోదు గానీ, ఒకటి రెట్టా మూడు రెట్లా అని జడ్జి తేల్చేటప్పుడు, తప్పు తెలిసిన రోజే దిద్దుకున్నవాళ్లనూ, నోటీసొచ్చేదాకా కదలనివాళ్లనూ ఒకే గాటన కట్టరు.